ఏ పేజీ ముఖ్యమో గూగుల్‌కి చెప్పాల్సింది మీరే: ఇంటర్నల్ లింకుల అసలు కథ

మంచి వ్యాసం రాశారు, ఫొటోలు పెట్టారు, హెడింగు కూడా బాగానే కుదిరింది, నెల గడిచినా గూగుల్లో ఎక్కడా కనబడదు. అప్పుడు ఎవర్ని అడిగినా వచ్చే మొదటి సలహా బ్యాక్‌లింకులు, అంటే బయటి సైట్ల నుంచి మన సైటుకి లింకులు తెప్పించుకోమని. దానికి ప్యాకేజీలు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, వెయ్యి లింకులకి ఇంత అని. ఆ వెయ్యి సంగతి అలా ఉంచండి గానీ, మీ సొంత సైటులో ఆ పేజీకి ఎన్ని లింకులున్నాయో ఎప్పుడైనా చూశారా? చాలాసార్లు జవాబు ఒకటే ఉంటుంది: కేటగిరీ పేజీలో పెట్టిన వారానికే వెనక్కి జారిపోయి, ఇప్పుడు ఏడో పేజీలో ఎక్కడో పడి ఉన్న ఒక్క లింకు.

ఇంటర్నల్ లింకు అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒకే సైటులో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చేదే ఇంటర్నల్ లింకు. పైన మెనూలో ఉండేవి, కింద ఫుటర్‌లో ఉండేవి, వ్యాసం మధ్యలో ఒక మాట మీద ఉండేవి, చివర్లో ‘ఇవి కూడా చదవండి’ అని కనబడేవి, అన్నీ ఇవే. ఒకరిని బతిమాలక్కర్లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు కాబట్టి కాబోలు, దీని గురించి పనిగట్టుకుని చెప్పేవాళ్లు కూడా తక్కువే.

చెప్పే కొద్దిమంది చెప్పేది కూడా సగమే. ‘ఎన్ని ఎక్కువ లింకులు పెడితే అంత మంచిది’ అంటారు. అది నిజం కాదు. ఇంటర్నల్ లింకులు కొత్త బలాన్ని పుట్టించవు, మీ సైటుకి ఇప్పటికే ఉన్న బలాన్ని పేజీల మధ్య పంచుతాయి. పంపకం అన్నాక ఒకరికి ఎక్కువ ఇస్తే ఇంకొకరికి తగ్గుతుంది. ఈ సంగతి తెలియకపోతే లింకులు పెట్టడం ఉత్త శ్రమ అవుతుంది.

ముందు కనబడాలి కదా

ర్యాంకు మాట అటుంచండి, అసలు ఆ పేజీ ఒకటుందని గూగుల్‌కి తెలియాలి. సైట్లన్నీ తిరిగి చూసే గూగుల్ ప్రోగ్రామ్ పేరు గూగుల్‌బాట్. అది తనకు తెలిసిన ఒక పేజీని తెరుస్తుంది, అందులో ఉన్న లింకులన్నీ రాసుకుంటుంది, తర్వాత వాటిని తెరుస్తుంది, మళ్లీ వాటిలో ఉన్న లింకులు. ఇది ఇలా నడుస్తూనే ఉంటుంది. దీనితో పాటు మీరు ఇచ్చే సైట్‌మ్యాప్ కూడా చూస్తుంది. అందుకని చాలామంది ‘సైట్‌మ్యాప్ పెట్టేశాను, ఇంక అన్నీ అదే చూసుకుంటుంది’ అని ఊరుకుంటారు. సైట్‌మ్యాప్‌లో ఉండేది అడ్రసుల జాబితా. ఈ పేజీ ఉంది అని మాత్రమే అది చెబుతుంది. ఈ పేజీ దేని గురించి, దేనికి సంబంధించింది, మీకు ఎంత ముఖ్యం, వీటిలో ఒక్కటి కూడా చెప్పదు. మీకు ముఖ్యమైన ప్రతి పేజీకీ మీ సైటులో కనీసం ఒక పేజీ నుంచి లింకు ఉండాలని గూగుల్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసుకుంది.

ఏ పేజీ నుంచీ లింకు లేని పేజీని ఆర్ఫన్ పేజీ అంటారు. తెలుగు వికీపీడియాలో అయితే అనాథ పేజీలని వీటికి విడిగా ఒక జాబితానే ఉంటుంది, ఎవరో ఒకరు చూసి లింకులు కలపడానికి. మన సైట్లలో ఇలాంటివి ఎలా తయారవుతాయో చెప్పనక్కర్లేదు. ఫేస్‌బుక్ యాడ్ కోసమని ఒక పేజీ చేస్తారు, యాడ్ అయిపోతుంది, పేజీ ఉండిపోతుంది. సంక్రాంతి ఆఫర్‌కి ఒక పేజీ చేసి, పండగ అయ్యాక మెనూలోంచి తీసేస్తారు. థీమ్ మార్చినప్పుడు పాత సైడ్‌బార్ ఎగిరిపోతుంది, దాని మీదే ఆధారపడిన ఇరవై పేజీలు దానితో పాటే పోతాయి. మీ సైటు గూగుల్లో ఎలా ఉందో చూపించే గూగుల్ టూల్ సెర్చ్ కన్సోల్‌లో ‘డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ (పేజీ ఉందని తెలుసు గానీ ఇంకా జాబితాలో చేర్చుకోలేదు) అన్న గడిలో పేజీలు పేరుకుపోతుంటే కారణాలు చాలా ఉండొచ్చు గానీ, మొదట చూడాల్సింది వాటికి లింకులున్నాయా లేదా అన్నది.

లింకు ఉంది అని మీరు అనుకుంటున్నది గూగుల్ లెక్కలో లింకే కాకపోవచ్చు, ఇదొకటి మళ్లీ. పేజీ వెనకాల ఉండే హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో ‘a’ అనే ట్యాగు, దానికి ‘href’, అందులో అసలైన అడ్రసు ఉంటేనే గూగుల్‌బాట్ నమ్మకంగా దాన్ని పట్టుకుని వెళ్తుంది. రెడీమేడ్ థీముల్లో కొన్ని అందమైన కార్డులు, బటన్లు ఉంటాయి, నొక్కితే పేజీ తెరుచుకుంటుంది, కానీ లోపల ఉన్నది లింకు కాదు, జావాస్క్రిప్ట్ ఆన్‌క్లిక్. మనిషి నొక్కుతాడు, గూగుల్‌బాట్ నొక్కదు. ‘మరిన్ని చూడండి’ అనే బటన్ నొక్కితే తప్ప కింది వ్యాసాలు రాని సైట్లకి కూడా ఇదే గతి, వెనకాల పేజీ 2, పేజీ 3 అని విడి అడ్రసులు, వాటికి మామూలు లింకులు ఉంటే తప్ప. కోడ్ తెలియకపోయినా దీన్ని చూసుకోవచ్చు. కంప్యూటర్లో ఆ బటన్ మీద రైట్ క్లిక్ చేయండి. ‘కొత్త ట్యాబ్‌లో లింకు తెరువు’ అన్న ఆప్షన్ వస్తే అది లింకే. రాకపోతే థీమ్ చేసినవాళ్లకి ఫోన్ కొట్టాల్సిందే.

మొబైల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గూగుల్ ఇప్పుడు చూసేది మీ సైటు మొబైల్ రూపాన్నే. కంప్యూటర్లో పక్కన సైడ్‌బార్‌లో యాభై లింకులు పెట్టుకుని, ఫోన్‌లో చోటు చాలదని ఆ సైడ్‌బార్ మొత్తం తీసేస్తే, గూగుల్ దృష్టిలో ఆ యాభై లేనట్టే. నొక్కితే విచ్చుకునే మెనూలో దాగి ఉన్నా పర్లేదు, కోడ్‌లో ఉంటే చాలు.

నాలుగు పేజీల లెక్క

ఇప్పుడు అసలు విషయం. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక పేపర్ రాశారు, గూగుల్ అనే తమ సెర్చ్ ఇంజన్ ఎలా పనిచేస్తుందో చెబుతూ. అందులో పేజ్‌ర్యాంక్ అనే లెక్క ఉంది. ఒక పేజీకి ఎన్ని లింకులు వస్తున్నాయి అన్నదొక్కటే కాదు, ఆ లింకు ఇచ్చే పేజీకి ఎంత విలువ ఉంది, అది ఇంకా ఎంతమందికి లింకులు పంచుతోంది అన్నది కూడా చూడాలన్నది అందులోని కిటుకు. విలువ ఉన్న పేజీ ఇద్దరికే లింకు ఇస్తే ఒక్కొక్కరికి సగం, వందమందికి ఇస్తే ఒక్కొక్కరికి నూరో వంతు. దీనికి తోడు ఒక తరుగు కూడా పెట్టారు. లింకులు నొక్కుకుంటూ పోయే మనిషి ఎక్కడో ఒకచోట విసుగొచ్చి వేరే పేజీకి దూకేస్తాడు కదా అని, చేతులు మారే విలువని 0.85తో గుణించారు.

చూడటానికి గడ్డు లెక్కలా ఉంటుంది గానీ, చిన్న సైటు మీద వేసి చూస్తే అరటిపండు వలిచినట్టే. విజయవాడలో ఒకావిడ పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారనుకుందాం. సైటులో నాలుగే పేజీలు: హోమ్, ఆవకాయ, గోంగూర, విదేశాలకు పార్శిల్. డబ్బు వచ్చేది చివరి పేజీ వల్లే, ఎందుకంటే కొనేవాళ్లలో ఎక్కువమంది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు, ‘అమెరికాకి పచ్చళ్లు పంపడం ఎలా’ అని వెతికేవాళ్లు. మామూలుగా సైటు ఎలా ఉంటుంది? హోమ్ పేజీ నుంచి మూడింటికీ లింకులు, మూడింటి నుంచి మళ్లీ హోమ్‌కి ఒక్కో లింకు. ఆ పేపర్లోని ఫార్ములా వేస్తే హోమ్‌కి 1.92, మిగతా మూడింటికీ తలా 0.69. మొత్తం నాలుగు.

ఇప్పుడు ఆవిడ రెండంటే రెండు లింకులు చేర్చారు. ఆవకాయ పేజీలో ‘జాడీ పగలకుండా అమెరికాకి ఎలా పంపుతామో చూడండి’ అని ఒక వాక్యం, గోంగూర పేజీలో అలాంటిదే ఇంకొకటి, రెండూ పార్శిల్ పేజీకే. లెక్క మళ్లీ వేస్తే పార్శిల్ పేజీ 0.69 నుంచి 1.14కి ఎగబాకుతుంది. హోమ్ 1.92 నుంచి 1.64కి దిగుతుంది. ఆవకాయ, గోంగూర 0.69 నుంచి 0.61కి కొంచెం తగ్గుతాయి. మొత్తం కలిపితే ఇప్పుడూ నాలుగే.

నేను మొదట చెప్పిన పంపకం అంటే ఇదే. రెండు వాక్యాలతో ఒక పేజీ విలువ ఒకటిన్నర రెట్లు దాటింది, కానీ ఆ పెరిగినదంతా మిగతా మూడింటి నుంచి వచ్చిందే. గోదావరి కాలువ కింద సాగు చేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు అవే, శివారు ఆయకట్టుకి అందుతాయా లేదా అన్నది మధ్యలో తూములు ఎలా పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇదే లెక్కలో ఎవరూ లింకు ఇవ్వని ఐదో పేజీ ఒకటి చేరిస్తే దానికి దక్కేది 0.15, అదీ ఆ పేజీ ఉందని గూగుల్‌కి తెలిస్తే.

ఇప్పుడు గూగుల్ వాడేది సరిగ్గా 1998 నాటి ఫార్ములా కాదు, అప్పటినుంచి చాలా మారింది. కానీ లింకుల విశ్లేషణ, పేజ్‌ర్యాంక్ ఇప్పటికీ తమ ర్యాంకింగ్ వ్యవస్థల్లో ఉన్నాయని గూగులే ప్రచురించిన జాబితాలో ఉంది. ఒకప్పుడు బ్రౌజర్ టూల్‌బార్‌లో ప్రతి పేజీకీ పదికి ఇన్ని అని పేజ్‌ర్యాంక్ మార్కులు కనబడేవి, 2016లో దాన్ని తీసేశారు. ఇప్పుడు రకరకాల టూల్స్‌లో మీకు కనబడే ‘అథారిటీ స్కోర్’లు ఆ కంపెనీలు సొంతంగా వేసుకున్న అంచనాలు, గూగుల్ మార్కులు కావు. వాటిని చూసి టెన్షన్ పడనక్కర్లేదు.

తెలివి ఎక్కువైతే

బలాన్ని పంచడమే అయితే, అక్కర్లేని పేజీలకి పోకుండా ఆపేసి కావలసిన వాటికి మళ్లించొచ్చు కదా అని ఆలోచన వస్తుంది. మీకే కాదు, ప్రపంచమంతా వచ్చింది. 2005లో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ కలిసి నోఫాలో అనే గుర్తు తెచ్చాయి, అంటే ఈ లింకుకి విలువ ఇవ్వొద్దని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే గుర్తు, కామెంట్లలో చెత్త లింకులు పెట్టేవాళ్ల పీడ వదిలించుకోవడానికి. జనం దాన్ని తమ సొంత సైటులోనే వాడటం మొదలుపెట్టారు. ‘కాంటాక్ట్’, ‘ప్రైవసీ పాలసీ’, లాగిన్ లాంటి లింకులకి నోఫాలో తగిలించి, మిగిలిన వాటికి ఎక్కువ వాటా వచ్చేలా. దీన్ని పేజ్‌ర్యాంక్ స్కల్ప్టింగ్ అనేవారు.

2009లో గూగుల్ ఇంజనీరు మ్యాట్ కట్స్ ఈ ముచ్చట ముగించారు. ఆయన ఇచ్చిన లెక్క తేలిక. ఒక పేజీ దగ్గర పది పాయింట్లున్నాయి, పది లింకులున్నాయి, అందులో ఐదింటికి నోఫాలో పెట్టారు. ఒకప్పుడైతే మిగిలిన ఐదింటికి తలా రెండు పాయింట్లు వచ్చేవి. ఇప్పుడు తలా ఒకటే వస్తుంది, మిగతా ఐదు పాయింట్లు గాలిలో కలిసిపోతాయి. పైగా ఈ మార్పు ఏడాదికి పైగా ముందే జరిగిపోయిందని కూడా చెప్పారు, ఆ ఏడాదంతా జనం ఇంకా స్కల్ప్టింగ్ చేసుకుంటూనే ఉన్నారు. 2019 నుంచి నోఫాలోని ఆజ్ఞగా కాకుండా ఒక సూచనగా మాత్రమే తీసుకుంటామని గూగుల్ ప్రకటించింది. కాబట్టి సొంత సైటులో సొంత పేజీలకి నోఫాలో పెట్టడం ఇవాళ్టికి శుద్ధ దండగ. ఆ పేజీ అక్కర్లేదు అనుకుంటే ఆ లింకే తీసేయండి.

దీనికి సరిగ్గా రెండో వైపు ఉంటుంది ఆటోమేటిక్ లింకుల ప్లగిన్, అంటే సైటుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. ‘హైదరాబాద్’ అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ హైదరాబాద్ కేటగిరీకి లింకు వేసేస్తుంది. ఐదు వందల వ్యాసాల్లో రాత్రికి రాత్రి మూడు వేల లింకులు. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ప్రతి పేజీ నుంచి ప్రతి పేజీకి లింకు ఉంటే మీరు ఏం చెప్పినట్టు? ఏదీ ముఖ్యం కాదని చెప్పినట్టు. చదివేవాడి సంగతి సరే సరి, పేరాకి ఆరు నీలిరంగు మాటలు కనబడితే ఒక్కటీ నొక్కడు.

ఒక పేజీలో ఎన్ని లింకులు ఉండొచ్చు అని అడుగుతారు. గూగుల్ పాత సూచనల్లో వంద దాటకుండా చూసుకోమని ఉండేది, అప్పట్లో ఒక పేజీలో మొదటి వంద కిలోబైట్లు మాత్రమే చదివేది కాబట్టి. ఆ పరిమితి ఎప్పుడో పోయింది, దానితో పాటే ఆ వంద లెక్కా పోయింది. ఇప్పుడు చూడాల్సింది సంఖ్య కాదు, పంపకం. ‘ఇది చదువుతున్నవాడికి ఈ చోట ఆ పేజీ పనికొస్తుందా’ అన్న ప్రశ్న ఒక్కటి వేసుకుంటే వెయ్యి పదాల వ్యాసంలో లింకులు వాటంతటవే ఐదారు దగ్గర ఆగుతాయి.

అన్ని లింకులూ ఒకటి కావు కూడా. 2004లో గూగుల్ దరఖాస్తు చేసి 2010లో పొందిన ఒక పేటెంట్ ఉంది, దాన్ని ఈ రంగంలో వాళ్లు రీజనబుల్ సర్ఫర్ పేటెంట్ అంటారు. పాత లెక్కలో మనిషి ఏ లింకునైనా గుడ్డిగా నొక్కుతాడనుకున్నారు. ఈ పేటెంట్‌లో, నొక్కే అవకాశం ఎక్కువున్న లింకుకి ఎక్కువ విలువ, తక్కువున్న దానికి తక్కువ. లింకు పేజీలో ఎక్కడుంది, ఎంత పెద్ద అక్షరాల్లో ఉంది, ఏ మాటల మీద ఉంది, ఇలాంటివన్నీ చూడొచ్చని రాశారు. పేటెంట్ ఉందంటే దాన్ని అక్షరాలా అలాగే వాడుతున్నారని కాదు. అయినా ఫుటర్‌లో చిన్న అక్షరాల్లో నలభై ఊళ్ల పేర్లు వరుసగా పెట్టి ‘కాకినాడలో ఏసీ రిపేర్, రాజమండ్రిలో ఏసీ రిపేర్’ అని లింకులు ఇచ్చే సైట్లవాళ్లు ఒకసారి దాన్ని గుర్తుచేసుకుంటే మంచిది.

లింకు మీద ఏం రాయాలి

లింకు ఉన్న మాటల్ని యాంకర్ టెక్స్ట్ అంటారు. ఆ పేజీ దేని గురించో తెలుసుకోవడానికి గూగుల్ వీటిని కూడా చదువుతుంది. మన తెలుగు సైట్లలో యాంకర్ అంటే నూటికి తొంభై చోట్ల ‘ఇక్కడ క్లిక్ చేయండి’. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజు ఏ సైటు తెరిచినా అదే వరస. చుట్టూ ఉన్న వాక్యాలన్నీ తీసేసి లింకు ఉన్న మాటల్ని మాత్రమే చదివితే, నొక్కితే ఏం వస్తుందో తెలియాలి. ‘ఇక్కడ’ అంటే ఏం తెలుస్తుంది? ‘ఆవకాయలో నూనె తేలకపోతే ఏం చేయాలి’ అంటే తెలుస్తుంది.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో అనుమానం వస్తుంది. మన మాటలకి విభక్తులు అతుక్కుని ఉంటాయి కదా, ‘ఆవకాయకి’, ‘ఆవకాయలో’, ‘ఆవకాయని’, మరి లింకు ఎక్కడిదాకా వేయాలి అని. ఏదైనా పర్లేదు. వాక్యం సహజంగా ఎలా వస్తే అలా రాసి, మాట మొత్తానికి లింకు వేయండి. ప్రతిచోటా అచ్చంగా ఒకే మాట రావాలని వాక్యాన్ని విరగ్గొట్టి ‘మా ఆవకాయ పచ్చడి ఆన్‌లైన్ కొనండి గురించి తెలుసుకోవాలంటే’ అని రాసేవాళ్లున్నారు, అది తెలుగూ కాదు, ఎస్‌ఈఓ (గూగుల్లో పైకి వచ్చేలా సైటుని దిద్దుకోవడం) కూడా కాదు. పది చోట్ల పది రకాలుగా ఉంటేనే ఆ పేజీలో ఏమేం ఉన్నాయో గూగుల్‌కి ఎక్కువ తెలుస్తుంది. ఫొటో మీద లింకు ఉంటే ఆ ఫొటోలో ఏముందో చెబుతూ కోడ్‌లో ఇచ్చే ఆల్ట్ టెక్స్టే యాంకర్ కింద లెక్క, దాన్ని ఖాళీగా వదిలేయకండి.

దీనికి మంచి నమూనా కావాలంటే తెలుగు వికీపీడియాలో ఏదైనా పెద్ద వ్యాసం తెరిచి చూడండి. లింకులు వాక్యాల్లోనే, ఆ సంగతి మొదటిసారి వచ్చిన చోటే ఉంటాయి. ‘ఇక్కడ నొక్కండి’ అన్న మాట కనబడదు. పక్కనే పనిముట్లలో ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అని ఒక సౌకర్యం ఉంటుంది, ఆ వ్యాసానికి ఎవరెవరు లింకు ఇచ్చారో చూపిస్తుంది. మన సైట్లకి కూడా అలాంటి బటన్ ఒకటి ఉంటే సగం జబ్బులు కుదిరేవి.

అడ్రసుల గొడవ ఒకటి తెలుగు సైట్లకే ప్రత్యేకంగా ఉంది. సైట్లు నడపడానికి చాలామంది వాడే వర్డ్‌ప్రెస్‌లో తెలుగు హెడింగు పెడితే అడ్రసు కూడా తెలుగులోనే తయారవుతుంది, గూగుల్‌కి దాంతో ఇబ్బందేమీ లేదు. కానీ లోపల అది శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మారుతుంది, ఒక్కో తెలుగు సంకేతానికి తొమ్మిది అక్షరాలు. ‘ఆవకాయ’ అంటే ఆ, వ, క, దాని దీర్ఘం, య, ఐదు సంకేతాలు, అంటే నలభై ఐదు అక్షరాలు. వర్డ్‌ప్రెస్ రెండు వందల దగ్గర అడ్రసుని కోసేస్తుంది. ‘గోదావరి జిల్లాల పద్ధతిలో ఆవకాయ పెట్టే విధానం’ అని హెడింగు పెడితే, ‘పద్ధతిలో’ దగ్గరికే రెండు వందలు నిండిపోతాయి, ఆవకాయ అన్న మాటే అడ్రసులోకి రాదు. రేపు ‘గోదావరి జిల్లాల పద్ధతిలో పులస పులుసు’ అని రాస్తే దానికీ అదే అడ్రసు, చివర ఒక 2 తగిలించి. తర్వాత ఎప్పుడో ఇది గమనించి అడ్రసులు మార్చడం మొదలుపెడితే, పాత వ్యాసాల్లో ఉన్న లింకులన్నీ పాత అడ్రసుకే పోతూ రీడైరెక్ట్ మీద, అంటే పాత అడ్రసు నుంచి కొత్తదానికి దారి మళ్లించే ఏర్పాటు మీద, బతుకుతుంటాయి. అందుకే పబ్లిష్ నొక్కకముందే స్లగ్ అన్న గడిలో చిన్న అడ్రసు, ఇంగ్లీషు అక్షరాల్లో అయినా సరే, చేత్తో పెట్టేయడం నయం.

రీడైరెక్ట్ వల్ల విలువేమీ పోదని గూగుల్ వాళ్లు 2016లోనే చెప్పారు. అయినా సొంత సైటులో లింకులు నేరుగా అసలు అడ్రసుకే ఉండాలి. ఒక రీడైరెక్ట్ నుంచి ఇంకోదానికి, అక్కడినుంచి మరోదానికి, ఇలా గొలుసు తయారైతే గూగుల్‌బాట్ పది దాకా వెళ్లి ఆగిపోతుంది. పైగా ఒకే పేజీకి రెండు అడ్రసులున్నప్పుడు ఏది అసలుదో తేల్చుకోవడానికి గూగుల్ చూసే ఆధారాల్లో మీ ఇంటర్నల్ లింకులు కూడా ఒకటి. సగం వ్యాసాల్లో ఒక అడ్రసు, సగంలో ఇంకొకటి వాడితే మీ సాక్ష్యం మీకే అడ్డం తిరుగుతుంది.

ట్యాగులు, పండగలు

తెలుగు సైట్లలో బలం వృథాగా పోయే పెద్ద చోటు ట్యాగులు, అంటే వ్యాసాలని అంశాల వారీగా కలపడానికి తగిలించే పేర్లు. వంటల సైటు తీసుకోండి. ఒక వంటకి ‘ఆవకాయ’, ‘ఆవకాయ పచ్చడి’, ‘మామిడికాయ పచ్చడి’, ‘పచ్చళ్లు’, ‘నిల్వ పచ్చళ్లు’, ‘ఆంధ్రా స్పెషల్’ అని ఆరు ట్యాగులు. ఒక్కో ట్యాగుకీ ఒక పేజీ తయారవుతుంది, అందులో ఉండేది ఈ ఒక్క వంటే. మూడొందల వంటలకి తొమ్మిది వందల ట్యాగు పేజీలు పుట్టుకొస్తాయి, ప్రతి వంట నుంచీ వాటికే లింకులు. అవి ఎవరికీ పనికిరావు. పాతిక ముప్పై ట్యాగులు ఉంచుకుని, ఒక్కోదానిలో కనీసం పది వంటలుండేలా చూసుకుని, పైన రెండు పేరాల పరిచయం రాస్తే అదే పేజీ ‘నిల్వ పచ్చళ్లు’ అని వెతికేవాళ్లకి పనికొచ్చే పేజీ అవుతుంది.

రెండోది, ఏటేటా వచ్చే విషయాలు. ఉగాది రాశి ఫలాలు, ఇంటర్ ఫలితాలు, ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయినా దాని తేదీలు. ప్రతి ఏడాదీ కొత్త పేజీ, అడ్రసులో ఏడాది నంబరు. 2023లో రాసిన పేజీకి అప్పట్లో నలుగురూ లింకులిచ్చి ఉంటారు, సైటులో యాభై చోట్ల నుంచి దానికే లింకులుంటాయి. 2024లో కొత్త పేజీ సున్నా నుంచి మొదలు. వెతికినవాడికి పోయినేటిది పైన వస్తుంది, తిట్టుకుంటూ వెనక్కి పోతాడు. ఏడాది నంబరు లేని ఒకే అడ్రసు పెట్టుకుని, లోపలి సమాచారం ఏటా మార్చుకుంటే ఈ బాధ ఉండదు. పాతవి ఉంచాల్సిందే అనుకుంటే వాటి పైభాగంలోనే కొత్త పేజీకి లింకు పెట్టండి. అలాగే సీజను రాకముందే ఆ పేజీని హోమ్ పేజీలోకి తేవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ పెట్టుకునేవాళ్ల కోసం అయితే మార్చిలోనే. హోమ్ నుంచి ఎన్ని క్లిక్కుల దూరంలో ఉందన్నది గూగుల్‌కి ఆ పేజీ ప్రాముఖ్యాన్ని సూచిస్తుంది. అడ్రసులో ఎన్ని ఏటవాలు గీతలు (/) ఉన్నాయన్నది అంత లెక్కలోకి రాదు.

మొదలెక్కడ పెట్టాలి

గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. ఎడమ పక్క మెనూలో కిందుగా లింక్స్ అని ఉంటుంది, అందులో ఇంటర్నల్ లింక్స్ తెరవండి. ఏ పేజీకి ఎన్ని లింకులున్నాయో పెద్దవి ముందు వస్తాయి. దాదాపు ప్రతి సైటులోనూ పైన ఉండేవి హోమ్, కాంటాక్ట్, ప్రైవసీ పాలసీ, ఫుటర్ పుణ్యమా అని. వాటిని వదిలేసి కిందికి రండి. మీకు డబ్బో పేరో తెచ్చే పేజీ ఎక్కడుంది? దానికి మూడు లింకులుండి, ఎప్పుడో రాసి మర్చిపోయిన సినిమా వార్తకి మూడొందలుంటే మీ పని మీకు దొరికినట్టే. ఈ పట్టికలో వెయ్యి వరసలే కనబడతాయి, ఆర్ఫన్ పేజీలు ఇందులో రాకపోవచ్చు కూడా. అందుకని సైట్‌మ్యాప్‌లోని జాబితాని దీనితో పోల్చి చూడాలి. స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే ప్రోగ్రామ్ ఐదు వందల అడ్రసుల దాకా ఉచితంగానే సైటంతా తిరిగి లింకుల లెక్క తెస్తుంది, చిన్న సైట్లకి అది చాలు.

లింకు ఎక్కడ నుంచి ఇవ్వాలో తెలుసుకోవడానికి టూల్ కూడా అక్కర్లేదు. గూగుల్ పెట్టెలో సైట్ అన్న మాటని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, మీ సైటు పేరు, పక్కన ‘ఆవకాయ’ అని వెతకండి. మీ సైటులో ఆ మాట ఉన్న పేజీలు వస్తాయి. వాటిలో ఏవి ఎక్కువమంది చదువుతున్నారో, ఏవాటికి బయటి నుంచి లింకులున్నాయో చూసి, ముందు వాటి నుంచి ఇవ్వండి. కొత్త వ్యాసం రాసిన ప్రతిసారీ అందులోంచి పాతవాటికి లింకులు ఇవ్వడం చాలామందికి అలవాటే. అందరూ వదిలేసేది రెండో సగం: పాత వ్యాసాలు రెండు మూడు తెరిచి, వాటిలోంచి కొత్తదానికి లింకు ఇవ్వడం. కొత్త పేజీకి బలం వచ్చేది దీనివల్లే, ఎందుకంటే బలం ఉన్నది పాతవాటి దగ్గర.

క్రాల్ బడ్జెట్, అంటే గూగుల్‌బాట్ ఒక సైటులో ఎన్ని పేజీలు తెరిచి చూస్తుందన్న పరిమితి, ఆ మాట విని కంగారు పడేవాళ్లకి ఒక మాట. అది లక్షల పేజీలున్న సైట్ల సమస్య. పది లక్షల పేజీలు దాటినా, పదివేలు దాటి రోజూ మారిపోతున్నా పట్టించుకోండని గూగులే చెబుతుంది. మూడొందల పేజీల సైటుకి దానితో పని లేదు.

ఫలితం ఎప్పుడు కనబడుతుంది అంటే, లింకు ఇచ్చిన పాత పేజీని గూగుల్‌బాట్ మళ్లీ వచ్చి చూసేదాకా అసలు ఏమీ జరగదు. రోజూ మారే పేజీ అయితే తొందరగా వస్తుంది, మూడేళ్లుగా కదలని పేజీ అయితే వారాలు పట్టొచ్చు. ఒకేసారి యాభై చోట్ల మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో మీకే తెలియదు. ఒక పేజీ తీసుకోండి, గూగుల్ ఫలితాల్లో రెండో పేజీలోనో మొదటి పేజీ అడుగునో ఇప్పటికే కనబడుతున్నది అయితే ఇంకా మంచిది, దానికి నాలుగైదు మంచి చోట్ల నుంచి లింకులిచ్చి, తేదీ రాసి పెట్టుకుని, సెర్చ్ కన్సోల్‌లో ఆ ఒక్క పేజీ స్థానం చూస్తూ ఉండండి. రెండు మూడు నెలలైనా కదలకపోతే లింకుల్లో కాదు, పేజీలోనే ఏదో లోటుంది. వెతుకుతున్నవాడికి కావలసింది అందులో ఉందో లేదో, పైన వస్తున్న పేజీల పక్కన పెట్టి చదివి చూడాలి.